కృత్తికలలో ఒక తోడుతార

విశాఖపట్టణములో పూర్ణా మార్కెట్టుకు పోవువారు కూరల ధరలు చూతురే గాని, చేరువనున్న డాబాగార్డెన్స్‌లో ఒకనాడు నక్షత్రములను చూచిన వేధశాల ఉండెనని తలపరు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో దానిని నెలకొల్పినారు. 1856లో వారు గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని సాగించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించినారు.

అది కాలమును కొలుచు శాస్త్రము. తార దేనితో ఏర్పడినదను ప్రశ్న అప్పుడప్పుడే తలయెత్తుచుండెను. 1866లో రోము నగరమున సెక్కీ అను పండితుడు శర్మిష్ఠ మండలములోని ఒక తార వెలుగును పట్టకముతో విడదీయగా, నల్లని గీత ఉండవలసిన చోట మెరయు గీత కానవచ్చినది. అది ఉదజని గీత. రెండేండ్లకు, 1868 ఆగస్టు 18న, మన గుంటూరులో సంపూర్ణ గ్రహణవేళ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుని అంచున లేచిన జ్వాలలలోనూ ఉదజని మెరుపు గీతలను చూచినాడు. వేడి వాయువు ఉన్నచోట ఆ మెరుపు ఉండును.

మరి ఆ తార చుట్టు వాయువెట్లు చేరినది? అమితవేగమున తిరుగు వేడి తార తన నడుమునుండి వాయువును విసరి పళ్ళెమువలె పరచుకొనునని 1931లో స్ట్రూవే చెప్పినాడు. బాగుగనే ఉన్నది, కాని కొన్ని తారల పళ్ళెములు నిలకడగా ఉండవే!

కార్తీకమాసమునకు పేరిచ్చిన కృత్తికలలోనే ప్లియోనీ అను మసక తార ఉన్నది. దాని వర్ణపటము సుమారు 34 ఏండ్లకొకమారు అవే మార్పులను చూపును. ఒకప్పుడు మెరుపు గీతలే ప్రధానము. మరొకప్పుడు, 1938లోను 1972లోను వలె, సన్నని నల్లగీతలు తోచును. పళ్ళెము అంచు మనవైపు తిరిగి తారకు అడ్డువచ్చినపుడే ఆ నల్లగీతలు కలుగును. అనగా పళ్ళెమే ఒరుగుచున్నది.

ఒరిగించునది తోడుతార. అది మిక్కిలి కోలయైన దారిలో 218 రోజులకొకమారు తిరిగివచ్చును. చంద్రుడు సముద్రమును లాగునట్లు, దగ్గరకు వచ్చినపుడెల్ల పళ్ళెమును తనవైపు లాగును. పోటుపాటుల సంగతి విశాఖవారికి చెప్పనక్కరలేదు గదా! ఒరిగి ఒరిగి వెలుపలి భాగము లోపలి దానినుండి తెగిపోవుననియు, లోపలిది మరల తార నడిమి తలమునకు మళ్ళుననియు 2022లో వెలువడిన గణనలు సూచించినవి.

ఇట్టి మార్పును పట్టుటకు ఒకని ఉద్యోగకాలము చాలదు. ఒకరు తీసిన వర్ణపటములను మరియొకరు భద్రపరచి, వేరొకరు కొనసాగింపవలసినదే. మామగారి పనిని అందుకొనిన నరసింగరావుగారు 1892లో గతించినారు. ప్లియోనీ తరువాతి వేషము, ఇదే లెక్కన, 2040 ప్రాంతమున రావలెను. కార్తీకపు సంధ్యలలో కృత్తికలు తూర్పున లేచుచునే ఉన్నవి.