చందమామ మాయాలోకము – మన తెలుగు లోగిళ్ళు

మాంత్రికులు, రాక్షసులు, కొండగుహలు, పాతాళమునకు దిగు సొరంగములు – ఇట్టివాటితో నిండిన కథలను పిల్లల కాలక్షేపమని పెద్దలు తేలికగా చూచుట కద్దు. మేము అట్లు తలచుట లేదు. తిరుపత్తూరు, వాణియంబాడి, గుడియాత్తం, వేలూరు ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో తెలుగక్షరము ఇంతకాలము నిలిచినదన్న, అందుకు బడికంటెను, సభలకంటెను ఈ కథలును, వాటి బొమ్మలును ఎక్కువ తోడ్పడినవని మా నమ్మకము.

కథను బొమ్మతో జోడించుట మన సీమకు క్రొత్త గాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు ముందు కాళహస్తి, చిత్తూరు, గుడియాత్తం, వేలూరు అన్నియు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. మన తిరుపత్తూరు తాలూకా మాత్రము అంతవరకు సేలం జిల్లాలో నుండి ఆ యేటనే ఇటు చేరినది. కాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ కషాయములోను, పాలలోను తడిపిన గుడ్డమీద, బెల్లమును ఇనుప తుప్పును ఊరవేసి తీసిన నల్లరంగుతో, రామాయణ భారతములను గడులు గడులుగా వ్రాసి, ఆ గడులకు చేర్చి తెలుగులో కథాభాగమును వ్రాయుచుండిరి. అక్షరము రానివాడు బొమ్మ చూచి కథ గ్రహించును. వచ్చినవాడు రెండును అనుభవించును.

ద్రౌపదమ్మ గుడులలో జరుగు భారతోత్సవము ఇట్టిదే. పగలు భారత పురాణము, రాత్రి కూత్తు, కడపటి దినమున మైదానములో మట్టితో పరుండబెట్టిన దుర్యోధనుని మహావిగ్రహము, దాని తొడపై భీమవేషధారి గదాఘాతము. సరిహద్దు కటు చిత్తూరు జిల్లాలో ఆ పురాణము తెలుగున సాగును, ఇటు తమిళమున సాగును. మట్టి దుర్యోధనుడు మాత్రము రెండుచోట్లను ఒక్కడే. ఈ మాట చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు మరల అవసరము రాగలదు.

1947 జూలైలో మదరాసునుండి చందమామ వెలువడెను. స్థాపకులు బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు. ఆ యేడే తమిళమున అంబులిమామ బయలుదేరినది. తరువాత కన్నడము, హిందీ మొదలగు భాషలు వచ్చి చేరినవి. ఈ ఇరువురే 1951లో విజయా సంస్థ పక్షమున పాతాళభైరవి చిత్రమును తెలుగునను, తమిళమునను తీసినవారు. కాశీమజిలీ కథల వాసన గల ఆ చిత్రములో నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు గారిని చూచిన పిల్లలకు మాంత్రికుడన్న ఎట్లుండునో ఇక నొకరు చెప్పవలసిన పని లేకపోయినది.

1952లో కొడవటిగంటి కుటుంబరావు గారు చందమామ కార్యాలయమున చేరి, 1980లో మరణించువరకు పత్రికను తీర్చిదిద్దిరి. గ్రీకుల ఇలియడ్ కావ్యమును భువనసుందరిగను, ఒడిస్సీని రూపధరుని యాత్రలుగను మనకు అందించినది ఆ పత్రికయే. అది గ్రీకు కథయని తెలియకయే రూపధరుడు సముద్రములపై పడిన పాట్లకు మనవారు కంటతడి పెట్టిరి. పేరు మార్చుట వలన పోయినదేమియు లేదని మా అభిప్రాయము.

ఇక ముఖ్య విషయము. ఆ 1952లోనే దాసరి సుబ్రహ్మణ్యం గారను ఇరువదేండ్ల యువకుడు ఆ కార్యాలయమున చేరెను. 1954లో తోకచుక్క అను సీరియలు ఆరంభమైనది. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, తుదకు 1978లో భల్లూక మాంత్రికుడు. పన్నెండు సీరియళ్ళు, ఇరువది నాలుగేండ్ల కాలము. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కీన్ వ్రాసిన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి సంపుటము అచ్చైనదియు ఆ 1954లోనే. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండ రెండు దేశములలో ఒకే జాతి కథలు ఒకే యేడు మొలచినవి. కాని ఆచార్యుని పేరు లోకమంతయు ఎరుగును. దాసరి వారి పేరు ఆ సీరియళ్ళపై అచ్చు కాలేదు. రచయిత యెవరో తెలియకయే రెండు తరములు వాటిని చదివినవి. మేము ముప్పదియేండ్లకు పైగా గుమాస్తా పని చేసినవారము. చిత్తు మేము వ్రాయగా సంతకము అధికారి చేయుట మాకు అలవాటే. అయినను చిత్తు వ్రాసినవాని దస్తూరి ఎరిగినవారికి దాగదు. సీరియలు పేరు మారినను, కథకుడు ఒక్కడేయని చిన్ననాడే పోల్చుకొన్న పాఠకులు మాలో కొందరుండిరి.

ఆ దస్తూరి ఎట్టిదన్న – ఇద్దరు మిత్రులు తప్పక యుందురు. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకనికి కత్తి, ఒకనికి బుద్ధియో మంత్రమో. ఆపద దాటిన చోటనే క్రొత్త ఆపద, అచ్చటనే ఇంకా ఉన్నదను మాట. నెలదినములు ఎట్లు గడుపుట? కొన్నిచోట్ల కథను సాగదీసిరనియు, స్త్రీపాత్రలు మిక్కిలి తక్కువయనియు మేము ఒప్పుకొందుము. మా ఇండ్ల ఆడపిల్లలు ఆ లోపమును అప్పుడే కనిపెట్టి అడిగిరి. అయినను చదువుట మానలేదు.

ఈ కథలకు దేహము నిచ్చినవారు చిత్రా గారు. అసలు పేరు టి.వి. రాఘవన్. ఆయన మాంత్రికుని ముఖములో భయమును నవ్వును కలిసియుండును. శిథిల మండపముల రాళ్ళ నడుమ మొలచిన మొక్కను సైతము విడువక గీయును. అడవిజాతి నాయకుని ఈటె, రాజభటుని తలపాగా, పర్వతము వెనుకనుండి తొంగిచూచు వికృతాకారము – ఇవన్నియు పుటలోని కథకు ప్రక్కన ఊరక నిలువక, కథ చెప్పనిది కొంత చెప్పుచుండును. కాగితమునకు కొబ్బరినూనె రాచి, ఎండలో ఆరబెట్టి, ఆ బొమ్మలపై పరచి పెన్సిలుతో అద్దిన పిల్లలు మన వీధులలో ఎందరో కలరు. అద్దినవాడు క్రింది పేరు గూడ అద్దవలెను గదా! అట్లు జ, భ, క్ష మొదలగు కష్టాక్షరములు చేతికి వచ్చినవి. బడిలో తమిళము చదివి, ఇంట తెలుగు మాటలాడు పిల్లలకు ఇంతకంటె వాచకము లేదు.

తక్కిన చిత్రకారులను గూర్చియు ఒక మాట. బేతాళ కథలలో శవమును భుజమున వేసికొని కత్తిదూసి నడచు విక్రమార్కుని బొమ్మతో ప్రసిద్ధుడైన శంకర్ గారు తమిళులు, కె.సి. శివశంకరన్ అను పేరుతో 1924లో కొంగునాటి పల్లెలో జన్మించి, 2020లో కాలధర్మము చెందిరి. మరుసటి యేడు పద్మశ్రీ ప్రకటింపబడినది. భారత ఘట్టములను ముఖచిత్రములుగా గీసిన ఎం.టి.వి. ఆచార్య గారు కన్నడ దేశీయులు. వ.పా. అను పొడి అక్షరములతో సంతకము చేసిన వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళము వారు. కనుక మనము మన తెలుగు పత్రికయని గుండెకు హత్తుకొన్నది నాలుగు సీమలవారి చేతిపని. ప్రతి పుటలోను బొమ్మ తన స్థానమున నుండ, చుట్టునున్న అక్షరములు మాత్రము భాషనుబట్టి మారుచుండెను. మనయింటి పిల్లవాడు చందమామలో చూచిన రాక్షసునే ఎదురింటి తమిళ బాలుడు అంబులిమామలో చూచెను. మట్టి దుర్యోధనుని వలెనే!

చిత్రా గారు 1978లోను, దాసరి వారు 2010లోను కన్నుమూసిరి. దాసరి వారి పేరు వారి చివరి దినములలోనే పాఠకలోకమునకు బాగుగా తెలియవచ్చినది; సీరియళ్ళు పుస్తకములుగా వచ్చినవి. చందమామ 2007లో చేతులు మారి, 2013 ప్రాంతమున నిలిచిపోయినది.

ఇంతలో మన బడులును మారినవి. 2006 నాటి తమిళాభ్యసన చట్టము ఆ యేటి ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్వవలదని మేము ఎన్నడును అనలేదు; అది మనకు అన్నము పెట్టిన భాష. కాని తెలుగు చదువగల పిల్లలు ఇండ్లలో తగ్గిపోయిరన్నది కంటికి కనబడుచున్న విషయము. మాటాడుదురు, పాడుదురు, చదువలేరు.

మా యింట యక్షపర్వతం బైండు ఒకటి కలదు. 1972 మొదలు వచ్చిన సంచికలనుండి పుటలు విప్పి మా తమ్ముడు కుట్టించినది. నడుమ కొన్ని నెలల సంచికలు చేజారిపోగా, ఎదురింటి మిత్రుని అంబులిమామ నుండి ఆ భాగములను తెచ్చి చేర్చితిమి. బొమ్మలు అవియే కనుక కుట్టు తెలియదు. ఇప్పుడు మా మనుమరాలు రాత్రి భోజనమైన పిమ్మట ఆ బైండు తీయుచున్నది. తమిళ పుటలను గడగడ చదివి వినిపించును. తెలుగు పుట రాగానే పుస్తకము మా చేతి కిచ్చి, నీ వంతు తాతా అని ప్రక్కకు జరిగి, బొమ్మపై వ్రేలుంచి, ఖడ్గవర్మ అను పేరు ఎచ్చట నున్నదో చూపుమనును. నిన్నటికి నాలుగు అక్షరములు గుర్తుపట్టినది. రేపటి భాగము తమిళము. అది ఆమె వంతు.