ఎర్ర గీత ఎవరు గీశారు?

కారు డ్యాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం మీటర్లో ముల్లు దాటకూడని ఎర్ర గీత ఒకటుంటుంది. డీజిల్ బండిలో అది ఐదు వేలకు అటూఇటూగా ఉంటే, 1999లో వచ్చిన హోండా ఎస్2000లో తొమ్మిది వేల దాకా వెళ్లింది. ఇంత తేడాకు కారణం ఒక్కటి కాదు. ఇంజన్ల చరిత్రలో ఒక్కో కాలంలో ఒక్కోటి వేగానికి అడ్డుపడింది.

మొదట అడ్డుపడింది నిప్పు. 1876లో జర్మనీలో నికొలాస్ ఒట్టో చేసిన నాలుగు స్ట్రోకుల ఇంజన్ నిమిషానికి సుమారు 180 చుట్లే తిరిగేది. జారుడు వాల్వు ఒకటి మంటను సిలిండర్లోకి మోసుకెళ్లాలి మరి! ఆయన దగ్గర పనిచేసి బయటికొచ్చిన డైమ్లర్, మేబాక్ ఎర్రగా కాలిన గొట్టంతో ఇంధనాన్ని అంటించి, 1885 నాటికి ఆ వేగాన్ని 600కు చేర్చారు. ఆ తర్వాత ఫ్రాన్సులో డి డియాన్-బూటాన్ వాళ్లు బ్యాటరీ, కాయిల్‌తో నిప్పురవ్వ పుట్టించి 1,500 దాటించారు.

నన్నడిగితే ఈ కథలో అసలు వింత ముద్దాయి పన్ను. బ్రిటన్‌లో 1921 నుంచి కారుకు హార్స్‌పవర్‌కో పౌండు చొప్పున కట్టాలి. ఆ హార్స్‌పవర్‌ను సిలిండర్ల సంఖ్య, వెడల్పు చూసి లెక్కగట్టేవారు. పిస్టన్ ఎంత దూరం కదులుతుందో, అంటే స్ట్రోకు ఎంతో, ఎవరూ అడగలేదు. దాంతో కంపెనీలు సన్నగా, పొడుగ్గా ఉండే సిలిండర్లకు దిగాయి. పిస్టన్ ప్రతి చుట్టులోనూ ఎక్కువ దూరం పరిగెత్తాలి, పైన వాల్వులకు చోటు చాలదు. ఇక వేగం ఎక్కడిది? 1940ల చివర్లో ఆ పన్ను పోయినా పొడుగు స్ట్రోకు అలవాటు వెంటనే పోలేదు. బ్రిటిష్ సంతతి అయిన మన అంబాసడర్ పెట్రోల్ ఇంజన్లో సిలిండర్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు దాదాపు 89.

పొడుగు స్ట్రోకుతో ఇబ్బందేమిటంటే, పిస్టన్ ఎక్కువ వేగంతో పరిగెత్తి పైనా కిందా ఆగి వెనక్కి తిరగాలి. చుట్లు రెట్టింపైతే దాన్ని అలా వెనక్కి తిప్పే కనెక్టింగ్ రాడ్ మీద లాగుడు నాలుగింతలవుతుంది. ఎస్2000 స్ట్రోకు 84 మిల్లీమీటర్లు. తొమ్మిది వేల చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు. 2006లో 20,000 తాకిన ఫార్ములా వన్ ఇంజన్లలో స్ట్రోకు 40 మిల్లీమీటర్లే కాబట్టి అక్కడా పిస్టన్ వేగం 26 మీటర్ల చిల్లరే!

అంత వేగంలో వాల్వులను మూసే స్ప్రింగులు వెనకబడిపోతాయి. అందుకే 1956లో డుకాటీ ఇంజనీరు తాల్యోని వాల్వును తెరవడానికే కాక మూయడానికీ క్యామ్ పెట్టాడు. 1986లో రెనో స్ప్రింగుల బదులు గాలి పీడనాన్ని వాడింది. డీజిల్ సంగతి వేరు: చివరి క్షణంలో చిమ్మిన ఇంధనం గాలితో కలిసి మండటానికి వ్యవధి కావాలి, భాగాలూ బరువు.

ఇప్పుడు ఎర్ర గీత దాటబోతే కంప్యూటరే ఇంధనం ఆపేస్తుంది. కానీ ఘాట్ రోడ్డు దిగుతూ ఐదో గేరు నుంచి నాలుగుకు బదులు పొరపాటున రెండో గేరు వేశారంటే, చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి. అప్పుడు ఏ కంప్యూటరూ కాపాడలేదు, చెయ్యి జాగ్రత్త.