అర్ధరథము

ఉద్యోగపర్వమున భీష్ముడు కౌరవసేనలో నెవరు రథులో, ఎవరు అతిరథులో లెక్కించుచు, కర్ణుని అర్ధరథుడని తేల్చిన కథ మీరెరిగినదే. ఆ కర్ణుని రథచక్రమే కడపట నేలలో గ్రుంగినది. రెండవ ప్రపంచయుద్ధమున అర్ధరథ మనదగిన యంత్ర మొకటి నిజముగనే పుట్టినది. దాని పుట్టుకయు, పోరును, దాని నెక్కినవారి గతియు నేడు మనవి చేసెదను.

చక్రము గ్రుంగుటన నేమో మనకొకరు చెప్పనక్కరలేదు. గద్వాల నడిగడ్డలో వాన కురిసిన మరునాడు నల్లరేగడిలో బండి తోలినవారందరును ఎరుగుదురు. బరువంతయు చక్రపుటంచుమీద పడును, నేల తాళలేదు. ఆ బరువును వెడల్పైన పట్టామీద పరచినచో బండి గ్రుంగదు. ముందు రెండు చక్రములు, వెనుక రెండు పట్టాలు గల బండియే ‘హాఫ్‌ట్రాక్’. రష్యా చక్రవర్తి మోటారుశాలలో పనిచేసిన కెగ్రెస్ అను ఫ్రెంచి యంత్రజ్ఞుడు, మంచుమీద కార్లు నడుచుటకై రబ్బరుపట్టాల నమర్చెను. విప్లవానంతర మతడు స్వదేశము చేరి సిట్రోయెన్ కంపెనీతో కలిసెను. 1922-23లో ఆ బండ్లు సహారా ఎడారిని దాటినవి. 1931లో అట్టివే శ్రీనగరు మీదుగా గిల్గిట్ కొండలకును ఎక్కినవి.

1940 వేసవిలో జర్మనీ ట్యాంకుల ధాటికి ఫ్రాన్సు ఆరువారములలో లొంగినది. అది చూచి అమెరికా సేనానులు కలతచెందిరి. ట్యాంకును భేదింపగల ఫిరంగి కావలెను. అది ట్యాంకువచ్చిన చోటికి పరుగున పోవలెను. క్రొత్తది కల్పించుటకు వ్యవధి లేదు. 1941లో ఆండ్రూ బ్రూస్ అను అధికారి పూనికతో, 1897 నాటి ఫ్రెంచి నమూనా 75 మిల్లీమీటర్ల ఫిరంగిని తెచ్చి ఎం-3 హాఫ్‌ట్రాక్ బండిపై నిలిపిరి. ఫిరంగి పాతది, బండి చేతనున్నది. కూర్పు మాత్రమే క్రొత్త. పరీక్షదశలో దానిపేరు టీ-12.

బరువు సుమారు 9 టన్నులు, వేగము గంటకు 45 మైళ్లు, లోపల అయిదుగురు మనుష్యులు. కవచము చాలచోట్ల పావు అంగుళమే, పైకప్పు లేదు. ఫిరంగి ఇరుప్రక్కలకు చెరి 20 డిగ్రీలవరకే తిరుగును. అంతకు మించినచో బండినే త్రిప్పవలెను. వనపర్తి సంస్థానమునుండి నిజాముకు సంక్రమించిన ఆఫ్రికన్ అశ్వదళము హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అను పేటకు పేరిచ్చినది. అశ్వదళమునకు బలము వేగమేగాని కవచము గాదు. ఈ బండికిని అంతే.

యుద్ధము తూర్పునకు వచ్చినది. 1941 డిసెంబరులో మలయాలోని కోట బారు విమానస్థలమును కాయుచున్నది నిజాము స్వంత సైన్యమగు మొదటి హైదరాబాదు పదాతిదళము. 1942 జనవరి 7 తెల్లవారకమునుపే స్లిమ్ నదికి పోవు దారిలో సుమారు 30 జపాను ట్యాంకులు విరుచుకొనిపడినవి. మొదటి దెబ్బ తిన్నది 19వ హైదరాబాదు రెజిమెంటునకు చెందిన నాలుగవ పటాలము. పేరు మనదైనను అందలి సిపాయిలలో పెక్కురు ఉత్తరదేశపు జాట్లు, అహీరులు, కుమావూనీలు. ట్యాంకుల నాపగల ఫిరంగులు వేళకు సిద్ధముగ లేవు. కొద్దిగంటలలో నదివంతెన శత్రువువశమైనది. కడకు ఒక్క హొవిట్జరు ఫిరంగి అతిసమీపమునుండి పేలి ముందరిట్యాంకును నిలిపినది. వేళకు ఫిరంగి అందకున్న నెంత కీడో, అందిన నెంత మేలో ఆ ఒక్క ఉదయమే చెప్పుచున్నది.

అదే కాలమున ఫిలిప్పైన్స్ దీవులలో ఈ అర్ధరథములు 50 ఉండెను. లూజాన్ దీవిలో అమెరికా, ఫిలిపినో సేనలు బతాన్ ద్వీపకల్పమునకు వెనుదీయుచుండ, ఇవి వారికి వెన్నుగాచినవి. 1942 ఏప్రిల్ 9న బతాన్ పడిపోయెను. చిక్కిన బండ్లలో కొన్నింటిని జపానువారు తరువాత అమెరికా సైన్యముపైననే ప్రయోగించిరి.

ఆఫ్రికాలో అసలు పరీక్ష వచ్చినది. 1943 ఫిబ్రవరిలో ట్యునీసియాలోని సీదీ బూ జీద్ వద్ద, మరుగున పొంచియుండవలసిన బండ్లను బయలులో ట్యాంకులమీదికి తోలిరి. అవి పెక్కు నాశనమైనవి. మార్చి 23న ఎల్ గెత్తార్ వద్ద 601వ దళము గుట్టల చాటునుండి పోరాడి, జర్మనీ పదవ ట్యాంకు డివిజనును నిలుపుటకు తోడ్పడెను. సుమారు 30 ట్యాంకులను చెరచినట్లు లెక్క. తన బండ్లలోను ఇంచుమించు 20 పోగొట్టుకొనెను. గెలుపైనను ఎంత ఖరీదైన గెలుపో చూడుడు.

ఇట్టి బండ్లు మొత్తము 2,203 తయారైనవి. పూర్తిపట్టాలుగల ఎం-10 వచ్చినతోడనే వీనికి పని తగ్గెను. సగమునకు పైగా ఫిరంగి తీసివేసి మామూలు బండ్లుగ మార్చిరి. పసిఫిక్ దీవులలో మాత్రము నిలిచినవి. 1944 జూన్‌లో సైపాన్ దీవిపై రాత్రివేళ జపాను ట్యాంకులు దూకగా, వానిని చెరచినవానిలో నివియు కలవు. అచటి ట్యాంకుల కవచము పలుచన.

మన శాస్త్రములు ఆపద్ధర్మమును ఒప్పుకొన్నవి. ఆపద తీరినపిదప దానిని పట్టుకొని వ్రేలాడుటను ఒప్పుకొనలేదు. ఈ బండి ఆపద్ధర్మము. వేళకు అందుటయే దాని గుణము. దాని దోషమును తయారుచేసినవారు దాచలేదు. పావు అంగుళపు రేకును ఎవరైనను కొలువవచ్చును. సీదీ బూ జీద్‌లో ఆ కొలత నెరిగియు బయలునకు పంపినవారు వేరు, లోపల కూర్చున్న అయిదుగురు వేరు. యంత్రము చరిత్ర చదువునపుడు ఆ అయిదుగురిని మొదట లెక్కింపవలెనని నా విన్నపము. సెలవు.