కుత్బుల్లాపూర్–మేడ్చల్ ప్రాంతంలో హెపటైటిస్ సి నిర్ధారణ పరీక్షలు

హెపటైటిస్ సి రక్తం ద్వారా సోకే వైరస్ వ్యాధి. ఏళ్ల తరబడి పైకి కనిపించకుండా కాలేయాన్ని గట్టిపరుస్తుంది. హైదరాబాద్ ఉత్తర శివారులోని కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేటల్లో దీన్ని తొలిదశలోనే పసిగట్టే అవకాశం బస్తీ దవాఖానాలకు, ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాలకు ఉంది. 12 వారాల మాత్రలతో నయమయ్యే జబ్బే అయినా, ఉన్నట్టు తెలియకపోవడం వల్ల ముదురుతోంది. అందుకే ఈ వ్యాసంలో చికిత్స కంటే పరీక్షకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రాంతం, వైద్య వ్యవస్థ

కుత్బుల్లాపూర్ పురపాలక సంఘం 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. 2016 అక్టోబర్ 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది. అందువల్ల అంతకుముందు ఆరోగ్య లెక్కలు వెతికేవారు రంగారెడ్డి శీర్షిక కింద చూడాలి. జీడిమెట్ల, షాపూర్‌నగర్, చింతల్, గాజులరామారం, సూరారం వైపు కార్మిక జనాభా ఎక్కువ. వీరిలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారు గణనీయంగా ఉన్నారు. బస్తీల్లో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఉన్నాయి. ఊళ్ల వైపు ఉపకేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటి పైన సామాజిక ఆరోగ్య కేంద్రాలు పనిచేస్తాయి. ఈఎస్‌ఐ కార్డు ఉన్న కార్మికులది వేరే దారి: డిస్పెన్సరీ, అక్కడినుంచి సనత్‌నగర్ ఆసుపత్రి. ఒకే ఇంట్లో భర్త రికార్డు ఒకచోట, భార్య రికార్డు మరోచోట ఉండటం ఇక్కడ మామూలే.

కాలేయ వ్యాధుల చరిత్రలో ఈ ప్రాంతానికి మరో గుర్తింపు ఉంది. కె.ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ హెపటైటిస్ బి టీకా ‘శాన్‌వాక్–బి’ని తెచ్చింది. ఆ సంస్థ ఉత్పత్తి కేంద్రం మేడ్చల్‌లోనే ఉంది. శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ కూడా దాదాపు అదే కాలంలో మరో బి టీకాను విడుదల చేసింది. బి, సి రకాల్లో టీకా ఉన్నది బి రకానికే. సి రకానికి ఇప్పటిదాకా టీకా లేదు. ఈ రెంటినీ కలిపి ‘కామెర్ల టీకా వేయించుకున్నాం’ అనుకునేవారికి ఈ తేడా చెప్పడం ఆశా కార్యకర్తల మొదటి పని కావాలి.

వ్యాప్తి అంచనాలు

వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ కృషికి హార్వే ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్ల్స్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి దక్కింది. భారతదేశంలో ఎంతమందికి సోకిందన్న దానిపై లెక్కలు కలవవు. జాతీయ కార్యక్రమ పత్రాలు చాలాకాలం 60 లక్షల నుంచి 1.2 కోట్ల వరకు అని రాశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక, 2022 నాటికి సుమారు 55 లక్షలు అంది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సేకరించిన రక్త నమూనాల్లో యాంటీబాడీ 0.32 శాతం మందిలో కనిపించింది. జనాభా మొత్తానికి వర్తింపజేస్తే అది 45 లక్షలకు అటూఇటూగా తేలుతుంది. పైగా యాంటీబాడీ ఉన్న ప్రతివారిలోనూ వైరస్ ఉండదు. ఇళ్ల నుంచి తీసిన రక్తంలో నేరుగా కొలిచిన లెక్క గనుక ఈ మూడోదే నమ్మదగిందిగా తోస్తుంది. అయితే జైళ్లు, డయాలసిస్ కేంద్రాల వంటివి ఇంటింటి సర్వేకు అందవు.

హైదరాబాద్ అధ్యయనాలు ఇంతకంటే పెద్ద సంఖ్యలు చూపాయి. డాక్టర్ సి.ఎం. హబీబుల్లా నేతృత్వంలో దక్కన్ వైద్య కళాశాలకు చెందిన కాలేయ పరిశోధన కేంద్రం 2000 దశకం తొలినాళ్లలో చేసిన సర్వేల్లో సాధారణ జనంలో, లంబాడా సముదాయంలో ఒకటి రెండు శాతం దాకా నమోదైంది. చిన్న నమూనాల మీద చేసిన పాత పరీక్షలు కాబట్టి వాటిని నేటి కుత్బుల్లాపూర్‌కు యథాతథంగా అన్వయించకూడదు. నగరంలోని డయాలసిస్ రోగులపై 2005లో అచ్చయిన అధ్యయనంలో 134 మందిలో 5.9 శాతం మందికి సి యాంటీబాడీ ఉంది. మరో 3.7 శాతం మందికి బి, సి రెండూ ఉన్నాయి. వ్యాధి అందరిలో సమానంగా పరుచుకోలేదనీ, కొన్ని చోట్ల గుమిగూడి ఉంటుందనీ ఈ అంకెలు చెబుతాయి.

ఎక్కడెక్కడన్నదీ దాదాపు తెలిసిందే: డయాలసిస్, తలసీమియా వంటి జబ్బులకు పదేపదే రక్తం ఎక్కించుకోవడం, సూదితో మత్తుమందులు తీసుకోవడం, శుభ్రం చేయని పరికరాలతో పచ్చబొట్టు. వీటన్నిటి కంటే విస్తారమైనది మామూలు సూది. 2002–04 మధ్య జరిగిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం ఏటా వేసే సుమారు 300 కోట్ల ఇంజెక్షన్లలో దాదాపు 63 శాతం సురక్షితంగా లేవు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది, నీరసమొస్తే సెలైన్ అనే అలవాటు బస్తీల్లో ఇంకా పోలేదు. రక్తనిధుల్లో హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయిన ఏడాది మీద మూలాలు ఏకీభవించవు. కొన్ని 1997 అంటాయి, కొన్ని 2001, మరికొన్ని 2002. ఉత్తర్వు వచ్చిన తేదీకి, అమలైన తేదీకి మధ్య ఎడమే ఈ తేడాకు కారణం కావచ్చు. 2002కు ముందు రక్తం ఎక్కించుకున్న అందరినీ ముప్పు ఉన్నవారిగా చూడటమే క్షేమం.

పరీక్ష: రెండు మెట్లు

మొదటి మెట్టు యాంటీబాడీ పరీక్ష. వేలి చివర నుంచి తీసిన రక్తపు చుక్కతో, కిట్ మీద 20 నిమిషాల్లో ఫలితం వస్తుంది. బస్తీ దవాఖానాలోని నర్సు కూడా చేయగలదు. ‘రియాక్టివ్’ అని వస్తే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. సోకినవారిలో సుమారు 30 శాతం మంది ఆరు నెలల్లోపు చికిత్స లేకుండానే వైరస్‌ను వదిలించుకుంటారు. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది రెండో మెట్టు అయిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షే. ఆసుపత్రి భాషలో ఇదే ‘వైరల్ లోడ్’.

ఈ రెండు మెట్ల మధ్యే మనుషులు జారిపోతారు. సూరారంలో షిఫ్టు పని చేసే కార్మికుడు ఒకరోజు కూలి వదులుకొని మొదటి పరీక్షకు వస్తాడు. ఫలితం రియాక్టివ్ అంటే గాంధీ ఆసుపత్రికో ఉస్మానియాకో వెళ్లమంటారు. అక్కడ రక్తమివ్వడానికి ఒకరోజు, రిపోర్టుకు మరోరోజు. ఒంట్లో ఏ బాధా లేని మనిషి అన్నిసార్లు తిరగడు. దేశంలో సి సోకినవారిలో 2022 నాటికి నిర్ధారణ అయినవారు సుమారు 28 శాతమేనన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాకు వెనక ఇలాంటి ప్రయాణాలు చాలా ఉన్నాయనుకోవచ్చు.

పరీక్ష ఎవరికి చేయాలన్న దాంట్లో రెండు వాదాలున్నాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2020 నుంచి పెద్దలందరికీ జీవితంలో ఒకసారి చేయాలంటోంది. ఇక్కడి లెక్క వేరు. యాంటీబాడీ 0.32 శాతం ఉన్న జనంలో వెయ్యిమందిని పరీక్షిస్తే నిజంగా ఉన్నవారు ముగ్గురు. కిట్ నూటికి 99 సార్లు సరిగ్గా ‘లేదు’ అని చెప్పేదైనా, తప్పుగా రియాక్టివ్ చూపేవారు దాదాపు పదిమంది. ఆ 13 మందిలో మందు అవసరమయ్యేది ఇద్దరికి. మిగతావారు రెండో పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక నలుగుతారు. కాబట్టి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అందుబాటులో లేకుండా అందరికీ కిట్లు పంచడం మంచి ఆలోచన కాదు. ముప్పు ఉన్నవారిని ముందు పట్టుకొని, తర్వాత వల విస్తరించడమే ఈ ప్రాంతానికి తగినదిగా కనిపిస్తుంది.

మెరుగుపరిచే మార్గాలు

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ‘రిఫ్లెక్స్’ పద్ధతి. మొదటిసారే సిర నుంచి రక్తం తీసి, యాంటీబాడీ రియాక్టివ్ అయితే అదే నమూనాకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కూడా చేస్తారు. రోగి మళ్లీ రానక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు దీన్ని సిఫార్సు చేశాయి. ప్లాస్మాను వేరుచేసి చల్లగా పంపడం ఒక్కటే ఇందులో జాగ్రత్త. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018 నుంచి ప్రాథమిక కేంద్రాల నమూనాలను కేంద్ర ప్రయోగశాలకు చేర్చి, రిపోర్టును ఫోన్‌కు పంపే ఏర్పాటు చేసింది. 2023లో ఆ పరీక్షల జాబితా 57 నుంచి 134కు పెరిగింది. నమూనా వెళ్లే బండి, రిపోర్టు వచ్చే దారి ఉన్నాయి కాబట్టి కొత్త వ్యవస్థ కట్టాల్సిన పనిలేదు.

మరో దారి క్షయ విభాగానిది. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కఫంలో క్షయను పట్టినట్టే, వేరే కాట్రిడ్జ్ లేదా చిప్ పెడితే హెపటైటిస్ సి ఆర్‌ఎన్‌ఏను కూడా కొలుస్తాయి. యంత్రం క్షయ కార్యక్రమానిది, కాట్రిడ్జ్ హెపటైటిస్ కార్యక్రమానిది కావడంతో రెండు విభాగాల ఇండెంట్లు కలవాలి. చెప్పినంత తేలిక కాదిది.

ముప్పు ఉన్నవారిని వెతకడానికి ఏఎన్‌ఎం దగ్గరున్న బీపీ, షుగర్ ఫారమే చాలు. రక్తం ఎక్కించుకున్నారా, డయాలసిస్ ఉందా, పెద్ద ఆపరేషన్ జరిగిందా అన్న మూడు ప్రశ్నలు దానికి చేరిస్తే సరి. జైళ్లలో హెచ్‌ఐవీ, క్షయ, సుఖవ్యాధులతో పాటు హెపటైటిస్‌ను కూడా కలిపి చూసే జాతీయ ప్రచారం 2023లో జరిగింది. చర్లపల్లి కారాగారం ఈ జిల్లాలోనిదే. ఇక ఆపరేషన్‌కు ముందు ‘వైరల్ మార్కర్లు’, రక్తదానం, గల్ఫ్ వీసా మెడికల్ అనే మూడు చోట్ల చాలామందికి ఈ జబ్బు మొదటిసారి బయటపడుతుంది. అక్కడ రియాక్టివ్ వచ్చినవారికి ‘అన్‌ఫిట్’ కాగితం చేతికొస్తుంది గానీ ఎక్కడికి వెళ్లాలో చెప్పేవారు తక్కువ. ఆ కాగితాన్ని దగ్గరి ఆరోగ్య కేంద్రానికి ముడిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

చికిత్స

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. పరీక్ష, మందులు ఉచితం. కాలేయం గట్టిపడనివారికి సోఫోస్‌బువిర్, డాక్లటాస్‌విర్ 12 వారాలు, గట్టిపడినవారికి డాక్లటాస్‌విర్ బదులు వెల్పటాస్‌విర్ ఇస్తారు. పరిస్థితి విషమిస్తే రిబవిరిన్ చేరుస్తారు. నూటికి 95 మంది దాకా నయమవుతారు. గట్టిపడిందో లేదో తొలి అంచనాకు ఎస్‌జీఓటీ అనే కాలేయ ఎంజైమ్ స్థాయి, ప్లేట్‌లెట్ల సంఖ్య చాలు. ఈ రెంటితో లెక్కించే ఏపీఆర్‌ఐ విలువ 2 గానీ అంతకు మించి గానీ ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి.

అమెరికాలో 12 వారాలకు 84,000 డాలర్లు పలికిన సోఫోస్‌బువిర్ ధరను దించడంలో హైదరాబాద్ సంస్థల పాత్ర ఉంది. 2014లో ఆ మందు పేటెంటుదారు గిలియడ్ నుంచి లైసెన్సు పొందిన ఏడు భారతీయ సంస్థల్లో హెటిరో ఒకటి. దానికి జీడిమెట్లలో కర్మాగారం ఉంది. పేటెంటును వ్యతిరేకించిన మరో నగర సంస్థ నాట్కో 2015లో తానూ లైసెన్సు తీసుకొని, 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు విడుదల చేసింది.

జిల్లా స్థాయి వైద్యులు ఈ చికిత్స ఇవ్వగలరని పంజాబ్ నిరూపించింది. 2016లో మొదలైన ఆ రాష్ట్ర కార్యక్రమంలో చండీగఢ్ పీజీఐ నిపుణులు దూరం నుంచి సలహాలివ్వగా, జిల్లా ఆసుపత్రులే 48 వేలమందికి పైగా రోగులను చూశాయి. అక్కడ వ్యాధి చాలా ఎక్కువ కాబట్టి రోగులు తేలిగ్గా దొరికారు. ఇక్కడ వెతకాలి.

మందు పూర్తయిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. వైరస్ కనిపించకపోతే నయమైనట్టే. యాంటీబాడీ మాత్రం సాధారణంగా జీవితాంతం రక్తంలో ఉండిపోతుంది. తర్వాత ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మార్కర్ల పరీక్ష ‘రియాక్టివ్’ అనే చూపుతుంది. అందుకే నయమైనవారు ఆ చివరి ఆర్‌ఎన్‌ఏ రిపోర్టును ఆధార్ కార్డుతో పాటు దాచుకొని, వైద్యుడికి ముందుగానే చూపాలి. వైరస్ మళ్లీ సోకే వీలుంది కనుక సూది వేయించుకునే ప్రతిసారీ కొత్త సిరంజీని తమ ఎదుటే విప్పమని అడగాలి.