ఆగిన కాలపరిమితి, ఆగని నిర్బంధం: 2020 నాటి ఒక న్యాయవివాదం

2020 మార్చి 23న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో రెండు ఇక్కడ గమనింపదగినవి. తాత్కాలికంగా ఏయే ఖైదీలను విడుదల చేయవచ్చో తేల్చడానికి ప్రతి రాష్ట్రమూ ఉన్నతాధికార సంఘాన్ని నియమించాలన్నది మొదటిది. రెండవది అర్జీలు, దావాలు, అప్పీళ్ల దాఖలుకు ఉన్న కాలపరిమితిని మార్చి 15 నుంచి పొడిగించింది. కక్షిదారుల ఊరటకై వెలువడిన ఈ రెండవ ఉత్తర్వే కొందరు నిందితుల మెడకు చుట్టుకున్నది.

నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 167(2) సెక్షన్ ప్రకారం, నేరతీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో దర్యాప్తు ముగించి అభియోగపత్రం దాఖలు చేయకపోతే, పూచీకత్తు ఇవ్వగల నిందితునికి బెయిలు హక్కుగా దక్కుతుంది. లాక్‌డౌన్ వల్ల ఆ గడువు కూడా పెరిగిందా? మే నెలలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు లేదన్నారు. అదే కోర్టులో మరొకరు అవునన్నారు. నిందితుని స్వేచ్ఛ, అతని కేసు ఎవరి ముందుకు వచ్చిందన్న దానిపై ఆధారపడిందన్నమాట.

జూన్ 19న ఎస్. కాశి కేసులో సుప్రీంకోర్టు మొదటి అభిప్రాయాన్నే ఖాయపరచింది. లాక్‌డౌన్‌ను అత్యవసర పరిస్థితితో సమానం చేయడాన్ని తోసిపుచ్చింది. అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ మార్గాన్ని మూసివేసిన 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ తీర్పు చెల్లదని 2017లోనే ప్రకటించిన కోర్టుకు ఇది సహజమైన నిర్ణయమే.

అయితే 167(2) రక్షణ అభియోగపత్రం దాఖలయ్యేవరకే. ఆపై విచారణ నిలిచిపోయిన న్యాయస్థానం ముందున్న ఖైదీకి మిగిలిన చట్టబద్ధమైన కొలత 436ఎ సెక్షన్: మరణశిక్షకు ఆస్కారం లేని నేరాల్లో గరిష్ఠ శిక్షలో సగం కాలం.