మాన్వి తాలూకా ప్రజారోగ్య వ్యవస్థ: నిధులు, సిబ్బంది

మాన్వి కర్ణాటకలోని రాయచూరు జిల్లాకు చెందిన తాలూకా కేంద్రం. కృష్ణా తుంగభద్రల నడిమి నేల ఇది. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక ఆంధ్ర జిల్లాల రైతు కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చి కట్టుకున్న ఊళ్లను నేటికీ 'క్యాంపులు' అనే పిలుస్తారు. అందుకే ఈ తాలూకా ఆరోగ్య కేంద్రాల వరండాల్లో కన్నడంతోపాటు తెలుగు, ఉర్దూ కూడా వినిపిస్తాయి.

ఇక్కడి ప్రజారోగ్య యంత్రాంగం అంటే తాలూకా ఆస్పత్రి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉపకేంద్రాలు, వీటిని కనిపెట్టుకుని ఉండే తాలూకా ఆరోగ్యాధికారి. పట్టణంలో చెత్త, మురుగు పురసభ బాధ్యత. డబ్బు మాత్రం ఎప్పుడూ పైనుంచే వచ్చింది. ఏ జబ్బు పేరుతో డబ్బు వస్తే ఆ జబ్బుకే మనుషులను పెట్టారు. ఆ పథకం ముగిసినప్పుడల్లా వాళ్లను ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. ఈ తాలూకా ఆరోగ్య చరిత్రకు దారం ఇదే.

రాయచూరు ప్రాంతం 1853 నుంచి 1860 వరకు ఆంగ్లేయుల అజమాయిషీలో ఉండి, తిరిగి నిజాం చేతికి వెళ్లింది. నిజాం రాజ్యంలో భూమిశిస్తు రూపాయికి ఒక అణా చొప్పున స్థానిక సెస్సు వసూలయ్యేది. స్థానిక పనులన్నీ ఆ అణాతోనే గడవాలి. పెద్ద ఆస్పత్రులు, పెద్ద డాక్టర్లు హైదరాబాదు నగరంలోనే ఉండిపోయారు. ఆ కాలం మిగిల్చిన మాట 'సర్కారీ దవాఖానా'.

1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. పాత మైసూరులో 1930లలోనే రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో రామనగరంలో గ్రామీణ ఆరోగ్య కేంద్రం నడిచింది. శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టర్లు, దాయమ్మలు ఉన్న తాలూకాలు ఒకవైపు, ఒక్క డిస్పెన్సరీతో సరిపెట్టుకున్న తాలూకాలు మరోవైపు ఒకే శాఖ కిందికి వచ్చాయి. ఆ ఎడం పూడ్చడానికి ప్రత్యేకంగా డబ్బు కేటాయించాల్సింది అప్పుడే. ఆ పని దశాబ్దాలు ఆలస్యమైంది.

ఊరూరా తిరిగే ఆరోగ్య సిబ్బందిని తెచ్చింది మలేరియా. తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన 1953లోనే జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో అదే నిర్మూలన కార్యక్రమంగా మారింది. వరి మడుల్లో నీళ్లు నిలిచే కాలువ ప్రాంతంలో దాని అవసరం ఎంతటిదో చెప్పనక్కర్లేదు. పదివేల జనాభాకు ఒక నిఘా కార్యకర్త ఉండాలన్నది ప్రమాణం. అతను పదిహేను రోజులకోసారి గడప తొక్కేవాడు. జ్వరం ఉన్నవాళ్ల వేలికొన గుచ్చి గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకునేవాడు. డీడీటీ కొట్టినవాళ్లు గోడ మీద తేదీ రాసి వెళ్లేవారు. సర్కారు మనిషి ఇంటికి వచ్చాడనడానికి చాలా ఇళ్లకు ఆ తేదీయే మొదటి రుజువు.

మశూచికి వేరే సిబ్బంది, కుటుంబ నియంత్రణకు వేరే సిబ్బంది. ఎవరి జీతం పద్దు వారిదే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వీళ్లందరినీ కలిపి బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలను చేయమంది. ఆ సలహా సరైనదే. కాని పని నాలుగింతలైనా పోస్టులు ఆ మేరకు పెరగలేదు. ఐదువేల జనాభాకు ఒక ఉపకేంద్రం, ముప్పైవేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే లెక్క ఆ తరువాత స్థిరపడింది. దిగుడుబావుల్లోకి దిగి నీళ్లు తెచ్చుకునే ఊళ్లను పీడించిన నారికురుపుపై జాతీయ కార్యక్రమం 1980లలో మొదలైంది. దేశం ఆ జబ్బు నుంచి విముక్తమైందని 2000లో ధ్రువీకరించారు. దిగుడుబావులకు బదులు చేతిపంపులు, వడకట్టిన నీళ్లు, ఊళ్లు తిరిగి కేసులు వెతికిన మామూలు ఉద్యోగులు సాధించిన విజయం అది.

అప్పులు, విదేశీ సాయం కూడా చెప్పుకోదగ్గవే. 1984లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వచ్చిన మూడవ భారత జనాభా ప్రాజెక్టు రాయచూరుతో సహా ఉత్తర కర్ణాటక జిల్లాల్లో ఉపకేంద్రాల భవనాలు కట్టించింది. 1990లలో రాష్ట్ర ఆస్పత్రుల అభివృద్ధికి ప్రపంచ బ్యాంకు అప్పివ్వగా, గుల్బర్గా డివిజను ఆస్పత్రులకు జర్మనీ వారి కే.ఎఫ్.డబ్ల్యు. బ్యాంకు సాయం చేసింది. అప్పుతో గోడలు లేస్తాయి. ఆ గోడల మధ్య పనిచేసే మనిషికి ముప్పై ఏళ్లు జీతమివ్వాల్సింది మాత్రం రాష్ట్ర ఖజానాయే.

1987లో జిల్లా పరిషత్తులు ఏర్పడి, 1993 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక తాలూకా ఆరోగ్య సిబ్బంది జీతాలు జిల్లా పంచాయతీ పద్దుల్లోంచి వస్తున్నాయి. నియామకం, బదిలీ మాత్రం బెంగళూరు చేతిలోనే ఉన్నాయి. డాక్టరు ఖాళీ చేసి వెళ్లిన కుర్చీకి జీతం పద్దు ఉంటుంది, కూర్చునే మనిషిని తెచ్చే అధికారం తాలూకాలో ఎవరికీ ఉండదు. పురసభ రశీదులో ఇదే సంగతి మరో రూపంలో కనిపిస్తుంది. ఇంటి పన్ను కట్టినవారి రశీదులో పన్ను కింద మరో వరుస ఉంటుంది: ఆరోగ్య సెస్సు, నూటికి 15 రూపాయలు. ఆ సొమ్ము పురసభకు చెందదు, రాష్ట్ర ప్రభుత్వానికి జమ కావాలి. నిజాం కాలపు అణా స్థానిక పనులకైనా పోయేది. పట్టణంలో 700 మందికి ఒక పౌరకార్మికుడు, అంటే పారిశుద్ధ్య కార్మికుడు, ఉండాలన్నది రాష్ట్రం పెట్టుకున్న లెక్క. 2011 జనగణన ప్రకారం 46 వేలు దాటిన మాన్వికి అంటే సుమారు 66 మంది.

2002లో డి.ఎం. నంజుండప్ప కమిటీ రాష్ట్రంలో అత్యంత వెనుకబడినవిగా తేల్చిన 39 తాలూకాల్లో మాన్వి ఒకటి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఉపకేంద్రానికి ఏటా 10,000, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 25,000 రూపాయల స్వేచ్ఛా నిధి ఇచ్చారు. పైవారి అనుమతి కోసం ఎదురు చూడకుండా బల్బు మార్చుకోవడానికి, తూకం యంత్రం బాగు చేయించుకోవడానికి నర్సమ్మ చేతికి వచ్చిన డబ్బు అది. మొత్తంగా చిన్నదే అయినా ఈ చరిత్రలో అతి విలువైన మార్పు ఇదేనని నా అభిప్రాయం. ఈ మిషన్ ఖర్చులో కేంద్రం వాటా మొదట్లో ఎక్కువగా ఉండి, 2015-16 నుంచి 60:40 అయింది. కాంట్రాక్టు పోస్టులు పెరిగింది కూడా ఈ మిషన్‌తోనే. పక్కపక్క బల్లల మీద ఒకే పని చేసే ఇద్దరు నర్సుల్లో ఒకరికి పెన్షను ఉంటుంది, మరొకరు ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగింపు కోసం చూస్తుంటారు.

రాజ్యాంగానికి 371-జె అధికరణ చేరాక, 2013 ఉత్తర్వుతో స్థానిక కేడరు గ్రూప్-సి పోస్టుల్లో 80 శాతం, గ్రూప్-డి పోస్టుల్లో 85 శాతం రాయచూరు ఉన్న హైదరాబాద్ కర్ణాటక ప్రాంత వాసులకు దక్కాయి. ఇక్కడే పుట్టిన క్యాంపు పిల్లలకూ ఆ హక్కు వర్తిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే అమ్మాయి నర్సమ్మగా వస్తే క్యాంపు బాలింతకు ఎంత తేలికో అక్కడివాళ్లకే తెలుసు. 2018లో రాయచూరు కేంద్ర ప్రభుత్వపు ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేరింది. అంతలోనే మాన్వి నుంచి సిరవార తాలూకా విడిపోయింది. కొత్త తాలూకాకు కొత్త కార్యాలయాలు కావాలి, మనుషులు మాత్రం పాత జాబితాలోంచే పంపకం కావాలి.

ఈ వ్యవస్థలో చివరి గడప దాకా వెళ్లేది ఆశా కార్యకర్త. ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవధనమూ పనికింత ప్రోత్సాహకమూ. 2020 జులైలో కరోనా ముమ్మరంగా ఉన్నప్పుడు, నెలకు 12,000 రూపాయలు అడుగుతూ కర్ణాటక ఆశాలు సమ్మె చేశారు. 2025 జనవరిలో వాళ్లు బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో చలిలో కూర్చున్నాక, ఏప్రిల్ నుంచి నెలకు కనీసం 10,000 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది.