పలాయనం – శిక్ష – క్షమ: బ్రిటన్ అనుభవం

యుద్ధకాలంలో సైన్యాన్ని విడిచి పారిపోయిన సైనికుని పట్ల రాజ్యం ఎట్లా వ్యవహరించాలన్న ప్రశ్నకు బ్రిటన్ శతాబ్దకాలంలో పరస్పర విరుద్ధమైన సమాధానాలు చెప్పింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సైనిక న్యాయస్థానాలు మూడువేలకు పైగా మరణశిక్షలు విధించగా, 346 అమలయ్యాయి. వీటిలో 266 పలాయన నేరానికి సంబంధించినవే. శిక్షను ఖరారు చేసేటప్పుడు సేనాధిపతులు నిందితుని ప్రవర్తనతోపాటు అతని దళపు క్రమశిక్షణ స్థితినీ పరిగణించేవారు. అనగా ఒకని మరణం ఇతరులకు హెచ్చరికగా వినియోగపడింది. అదే యుద్ధంలో చివరిదాకా పోరాడిన ఆస్ట్రేలియా సేనలో పలాయనానికి ఒక్కరినీ కాల్చలేదు; గవర్నర్ జనరల్ ఆమోదం లేనిదే మరణశిక్ష అమలు కారాదని ఆ దేశ చట్టం నిర్దేశించింది. భయం లేనిదే సైన్యం నిలువదన్న వాదాన్ని ఈ ఉదాహరణ బలహీనపరుస్తున్నది.

1930లో బ్రిటిష్ పార్లమెంటు పలాయనానికి మరణశిక్షను రద్దుచేసింది. అయితే మృతులకు క్షమాభిక్ష ప్రసాదించడానికి 1998లో ప్రభుత్వం నిరాకరించింది. ఒక్కొక్క కేసును పునఃపరిశీలించడానికి ఆధారాలు చాలవన్నది. 2006లో అదే ఆధారలేమిని కారణంగా చూపి, పలాయనం, పిరికితనం మొదలైన అభియోగాలపై మరణించిన 306 మందికి చట్టం ద్వారా సామూహికంగా క్షమాభిక్ష ప్రకటించింది. తీర్పులు, శిక్షలు మాత్రం దీనివల్ల మారవని ఆ చట్టమే పేర్కొనడం గమనార్హం.

సంశయ లబ్ధి నిందితునికే చెందాలన్న న్యాయసూత్రం ఈ విధంగా తొంబై యేండ్ల తరువాత, అదీ పాక్షికంగా, ఆచరణలోకి వచ్చింది. షెల్ షాక్‌కు లోనైనవానిని, బుద్ధిపూర్వకంగా పారిపోయినవానిని వేరుచేసి చూడగల విచారణ శిక్షకు ముందే జరగాలన్నది ఈ చరిత్ర నుండి గ్రహించదగిన అంశం.